ఊటీ వయా దుర్గి

"ఇకమీదట మా ఇంట్లో ఎవ్వరూ, ఎక్కడా, ఎవర్నీ దారి అడగరు!"

నరసరావుపేట వర్తక మిత్ర మండలి సమావేశంలో త్రికోటేశ్వరరావు ఈ ప్రకటన చేయగానే టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు కింద పెట్టారు. సమోసాలు తింటున్నవాళ్ళు మాత్రం తింటూనే విన్నారు.

ప్రకటనకు పెద్ద కారణమే ఉంది. మండలి అధ్యక్షుడు కోటిలింగం గారికి మోకాళ్ళు అరిగిపోయి, వేదిక మెట్లెక్కడం కష్టమై, పదవి వదులుకుంటానన్నారు. కొత్త అధ్యక్షుడికి ఏ అర్హతలుండాలో నియమావళిలో లేదు గానీ, ప్రపంచం చూసినవాడై ఉండాలని అందరి మనసుల్లోనూ ఉంది. స్టీలు సామాన్ల కొట్టు వదిలి కదలని త్రికోటేశ్వరరావు ప్రపంచానికి తూర్పున గుంటూరు, పడమట శ్రీశైలం సరిహద్దులు. అందుకే ఆయన పాత టెంపో ఒకటి కొని, విజయవాడలో దాన్ని క్యారవాన్‌గా మార్పించాడు. అందులో మంచం ఉంది, పొయ్యి ఉంది, ఏసీ ఉంది, మరుగుదొడ్డి కూడా ఉంది.

"పొయ్యి పక్కనే దొడ్డా! చీ, నేను అందులో వండను," అంది భార్య నీరజ.

"ఏమే, అమెరికాలో కోటీశ్వరులంతా అట్టాగే వండుకు తింటారు!"

"పాపం!" అంది నీరజ.

గమ్యం ఊటీ అని తేలిపోయింది. మే నెలలో పల్నాటి వాడు చలి గురించి మాట్లాడటాన్ని మించిన గొప్ప ఏముంటుంది? ఇక తేలాల్సింది దారి చూపే యాప్. ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు సాయిసాత్విక ఫోను తీసి కూర్చుంది. త్రికోటేశ్వరరావు టెండరు తెరిచే అధికారిలా కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇది అందరూ వాడేదే నాన్నా. డబ్బులు కట్టక్కర్లేదు."

"అందరూ అంటే?"

"అందరూనే. ఆటోవాళ్ళు కూడా."

"ఆటోవాళ్ళు పోయే దారిన మనం పోతే క్యారవాన్ ఎందుకు? కొట్టెయ్!"

"ఇదయితే తెలుగులో చెబుద్ది."

"తెలుగులో చెబితే అందరికీ అర్థమైపోదూ? మన గొప్పేముంది? కొట్టెయ్!"

మూడోది విదేశీ యాప్. క్యారవాన్ల కోసమే తయారైంది. ఏడాదికి చందా కట్టాలి, ఇంగ్లీషు తప్ప మాట్లాడదు, మన బండి పుట్టుపూర్వోత్తరాలన్నీ అడుగుతుంది. సంబంధం చూడటానికి వచ్చిన పెద్దమనిషిలా అది అడుగుతుంటే త్రికోటేశ్వరరావుకు దాని మీద గౌరవం పుట్టింది.

"బండి ఎత్తెంత అంటోంది నాన్నా. టేపు తీసుకుని కొలిచి వస్తా."

"ఆగు!" ఆయన ఫోను లాక్కున్నాడు. "ఎత్తు అడిగినప్పుడు తక్కువ చెప్పుకునే ఇల్లు కాదు మనది." ఉన్నది పది అడుగులు. ఆయన ఇరవై రెండు కొట్టాడు. బరువు అడిగితే రైలింజను బరువంత కొట్టాడు. యాప్ కాసేపు గిరగిరా తిరిగి ఒప్పుకుంది. వంటింటి నుంచి పిలుపొచ్చి సాయిసాత్విక ఆ అంకెలు చూడనే లేదు.

పూలదండలు, కొబ్బరికాయలు, వర్తక మిత్రుల చప్పట్ల మధ్య బండి కదిలింది. సాయిసాత్విక చెవుల్లో పాటలు పెట్టుకుని వెనక మంచం మీద వాలింది. డ్రైవరు సుభానీ ఎదురుగా ఫోను బిగించారు. యాప్‌లోని ఆడగొంతు ఏదో అంది.

"దొరసాని ఏమంటుంది సార్?"

"ఇన్ ఫోర్ హండ్రెడ్ ఫీట్ అంటే... ముందు నాలుగు వందల అడుగుల రోడ్డు వస్తదంట. జాగ్రత్త!"

నాలుగు వందల అడుగుల రోడ్డు రాలేదు గానీ సత్తెనపల్లి వచ్చింది. తర్వాత క్రోసూరు వచ్చింది. నీరజ కిటికీలోంచి చూసి, "ఏమండీ, ఊటీ క్రోసూరు మీదుగానా?" అంది.

"దొరసానికి తెలియదా? ఇది బైపాస్!"

ఊటీ దక్షిణాన ఉంది. బండి ఉత్తరానికి పోతోంది. రైలు వంతెన కింద నుంచి వెళ్ళే దారి వస్తే చాలు, ఇరవై రెండు అడుగుల బండి ఇక్కడ పట్టదని దొరసాని పక్కకు తిప్పుతోంది. మామూలు వంతెన వస్తే ఇంత బరువు మోయదని వెనక్కి తిప్పుతోంది. కరెంటు తీగలు దిగువగా ఉన్నచోట అసలు పలకడమే మానేస్తోంది. పిడుగురాళ్ళ, గురజాల దాటి రెంటచింతల చేరేసరికి ఎండకు బండిలో ఏసీ చల్లగాలి బదులు నిట్టూర్పులు వదలడం మొదలుపెట్టింది.

"అదుగో చెట్టు కింద ముసలాయన. ఒక్కమాట అడుగుదాం," అంది నీరజ.

"అడగడమా! మండలి మొత్తం ముందు నేనేం చెప్పాను?"

"మండలి ఇక్కడ లేదుగా!"

"మాట మాటే!"

మాచర్ల మీదుగా ఒక చుట్టు తిరిగారు. మళ్ళీ రెంటచింతల వచ్చింది. చెట్టు కింద ముసలాయన ఈసారి చెయ్యూపాడు. రెండో రోజు సాయంత్రం బండి దుర్గి చేరి, ఒక శిల్పాల షెడ్డు ముందు గట్టిగా దగ్గి ఆగిపోయింది. సుభానీ దిగి, ముందు వెనక చూసి, బ్యాటరీలు పోయాయనీ, సామాను విజయవాడ నుంచి రావాలంటే వారం పట్టుద్దనీ తేల్చాడు.

షెడ్డులోంచి చీర కొంగుతో రాతిపొడి దులుపుకుంటూ ఒకామె వచ్చింది. పేరు కొండమ్మ. ఆమె భర్త, మరుదులు విగ్రహాలు చెక్కుతారు, బేరాలు మాత్రం ఆమెవి.

"ఏందన్నా, ఎవరికి బాగలేదు?"

"ఎవరికీ ఏమీ లేదే!"

"అంబులెన్స్ లాగుంటే అడిగాలే. రండి, నీళ్ళు తాగండి."

అదే సమయంలో ఫోను మోగింది. మండలి గ్రూపులో కోటిలింగం గారి ప్రశ్న: 'త్రికోటేశ్వరరావు గారూ, ఊటీ చేరారా? చలి ఎలా ఉంది?' చుట్టూ దుర్గి ఎండ, వంటి మీద తడిసి ముద్దయిన బనీను. ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఒక్క క్షణమే ఆయన అబద్ధానికి ఇచ్చిన గడువు. 'చేరాం. చేతులు కొంకర్లు పోయి టైపు చేయలేకపోతున్నా,' అని టైపు చేశాడు.

ఆ మాటతో పని పెరిగింది. ఊటీ చేరినవాడు ఫోటోలు పంపాలి కదా! మర్నాడు నున్నటి నంది విగ్రహం పక్కన నిలబడి 'దారిలో మైసూరు' అన్నాడు. ముందు సగమే చెక్కిన ఏనుగు ఉంటే, చెక్కని వెనక సగాన్ని తన వీపుతో కప్పి 'అడవిలో గజరాజుతో' అన్నాడు. మెడకు మఫ్లరు, తలకు కోతిటోపీ. ప్రతి ఫోటోకు ముందు సుభానీ తువ్వాలుతో ఆయన మొహం తుడవాల్సి వచ్చేది.

చూసి చూసి కొండమ్మే కల్పించుకుంది. "అన్నా, చలిలో ఉన్నోడివి అట్టా నవ్వుతావేంది? పళ్ళు కొట్టుకోవాల! చేతులు చంకల్లో పెట్టుకో. ఆఁ, ఇప్పుడు ఊటీలో ఉన్నావ్."

కొండమ్మ ఇంట్లో దిగాక నీరజకు మాత్రం ఏ నటనా అక్కర్లేకపోయింది. షెడ్డు వెనక వేపచెట్టు కింద కొండమ్మతో కలిసి గోంగూర పచ్చడి నూరింది, ఉలి దెబ్బల చప్పుడు వింటూ మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయింది, ఒకరోజు చిన్న వినాయకుడి తొండం తనే గీకుతానని కూర్చుని దాన్ని విరగ్గొట్టింది. కొండమ్మా తనూ పొట్టలు పట్టుకుని నవ్వుకున్నారు. మఫ్లరులో ఉడికిపోతున్న త్రికోటేశ్వరరావు ఆ నవ్వు విని ఆగిపోయాడు. కొట్లో గల్లాపెట్టె పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నా ఆ నవ్వు ఆయన చెవిన పడలేదు. ఏమైనా అందామనుకున్నాడు గానీ, సుభానీ "సార్, ఇటు చూడండి" అనడంతో మళ్ళీ వణికాడు.

వారం చివర సామాను వచ్చి బండి బాగైంది. సాయిసాత్విక యాప్ తెరిచి చూసి నోరెళ్ళబెట్టింది.

"నాన్నా! ఇరవై రెండు అడుగులేంటి? మనకి దారి దొరక్కపోవటం కాదు, మనం ఏ దారికీ పట్టలేదు!" చకచకా మార్చింది. "ఇదిగో, ఇప్పుడు వినుకొండ మీదుగా నేరుగా ఊటీకి చూపిస్తోంది. పోదామా?"

త్రికోటేశ్వరరావు గ్రూపు తెరిచి చూపించాడు. 'తిరుగు ప్రయాణంలో ఉన్నాం' అని పొద్దునే పెట్టేశాడు. కింద కోటిలింగం గారు ఆదివారం సన్మానం ఖాయం చేశారు.

"ఊటీ నుంచి తిరిగొస్తున్నోణ్ణి, మళ్ళీ ఊటీకి ఎట్టా పోతానే?"

సన్మానం ఘనంగా జరిగింది. శాలువా కప్పుతూ ఒక మిత్రుడు, "ఊటీ వెళ్ళి ఇంత నల్లబడ్డారేంటండీ?" అన్నాడు.

"చలి మాడ్చేస్తుందండీ. ఎండకైతే కందుతాం, చలికైతే మాడతాం. అక్కడందరూ ఇదే రంగు."

సభ తలూపింది. కోటిలింగం గారు మైకు నీరజ ముందు పెట్టి, "అమ్మా, ఊటీ విశేషాలు మీరూ రెండు ముక్కలు చెప్పండి," అన్నారు. త్రికోటేశ్వరరావు కళ్ళతో బతిమాలాడు, కనుబొమ్మలతో బెదిరించాడు. నీరజ లేచింది.

"నాకు ఊటీ సంగతి తెలియదండీ. మేం వారమంతా దుర్గిలోనే ఉన్నాం. చానా బాగుంది."

ఇక ఆమె ఆగలేదు. పచ్చడి గురించీ, విరిగిన తొండం గురించీ, కోతిటోపీ గురించీ చెప్పింది. చెప్పి, నమస్కారం పెట్టి కూర్చుంది. త్రికోటేశ్వరరావు గత్యంతరం లేక శాలువాను తల మీదుగా లాక్కున్నాడు. అధ్యక్ష పదవి పోయింది. రేపు కొట్టు తలుపులు ఏ మొహంతో తీయాలా అని లోపలే చెమటలు కక్కాడు.

కోటిలింగం గారు గొంతు సవరించుకున్నారు. ఇంక తిట్లే అనుకున్నాడు త్రికోటేశ్వరరావు.

"అమ్మా," అన్నారాయన చాలా మెల్లగా, మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఆ కొండమ్మ దగ్గర ఇంకో ఇద్దరికి చోటుంటుందా? పోయినేడు కేదారనాథ్ అని చెప్పి మాచర్లలో మా చెల్లెలింట్లో నెల రోజులున్నాం. గది చానా ఇరుకు, పైగా వాళ్ళ మనవడు మా గుట్టు చెప్పేస్తానని రోజూ ఐస్‌క్రీమ్ కొనిపించుకున్నాడు."

చెయ్యి సరిగా అడ్డం పడలేదు. మైకు అంతా వినిపించింది.

వెనక వరసలోంచి ఎరువుల కొట్టు ఆయన లేచాడు. "మా సింగపూర్ కూడా గుంటూరేనండీ. లాడ్జిలో నల్లులు!" బియ్యం మిల్లు ఆయన తన నేపాల్ అసలు ఇంటి డాబా మీదేనని ఒప్పుకున్నాడు. దంపతులు దంపతులుగా లేచారు. త్రికోటేశ్వరరావు శాలువాలోంచి ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను బయటపెట్టాడు.

దారి తెలిసిన మనిషి అధ్యక్షుడుగా దొరకడం మండలి అదృష్టమని కోటిలింగం గారు ప్రతిపాదించారు. పోటీ లేకుండా ఎన్నిక జరిగిపోయింది. కొత్త అధ్యక్షుడి తొలి తీర్మానం కూడా చప్పట్ల మధ్య నెగ్గింది: సభ్యులందరూ సకుటుంబంగా స్విట్జర్లాండ్ యాత్ర!

అక్కడికక్కడే ఆయన కొండమ్మకు ఫోను చేశాడు.

"ఎంతమందన్నా రాండి," అంది కొండమ్మ. "ఆ దేశంలో మంచు పడుద్దంటగా? దానికేం దిగులు లేదులే అన్నా, మా కాడ రాతిపొడి గుట్టలుగా ఉంది. ఫోటోకి ఇంతని మాట్లాడుకుందాం, మా మరిది పైన రేకులెక్కి జల్లుతాడు."