అరిగిన గేర్ రాడ్డు మహిమ

గేర్ రాడ్డు అరిగిపోయిన కారు ఉన్నవాడు అదృష్టవంతుడు. మీరు నవ్వినా సరే, నేనీ మాట మీదే నిలబడతాను!

మా కారుకు పద్నాలుగేళ్లు. దాని గేర్ రాడ్డు కింద బుష్ అని ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. రాడ్డును ఊగకుండా పట్టి ఉంచేది అదే. అది అరిగి నాలుగేళ్లయింది. అప్పటినుంచి మా రాడ్డు గిన్నెలో గరిటెలా తిరుగుతుంది. మూడో గేరు కావాలంటే మళ్లీ రెండోదానిలోకే వెళ్తున్నట్టు నటించాలి. అది నమ్మిందని తెలియగానే, కాస్త పైకి లేపి చప్పున ముందుకు తొయ్యాలి. రివర్స్ సంగతి మాత్రం చెప్పను. అది నాకూ దానికీ మధ్య విషయం.

ఇది లోపమా? ముమ్మాటికీ కాదు, సెక్యూరిటీ సిస్టమ్! కొత్త కార్లవాళ్లు అలారాలని, కెమెరాలని తంటాలు పడతారు. నేను తాళం కారుకే వదిలేసి, సినిమా మొత్తం చూసి తాపీగా వస్తాను. దొంగ ఎక్కినా ఎంత దూరం పోతాడు? మొదటి గేరులో వీధి చివరిదాకా పోతాడు. అక్కడ దిగి, ఇంకో వృత్తి గురించి ఆలోచించుకుంటాడు.

మా బావమరిది ఒకడున్నాడు. ఎవరి కారైనా తనదే అనుకునే విశాల హృదయం. ఒక ఆదివారం గంటలో తెస్తానని మా కారు తీసుకెళ్లాడు. ఇరవై నిమిషాలకు కాలినడకన తిరిగొచ్చి, తాళాలు బల్లమీద పెట్టి మంచినీళ్లు అడిగాడు. కారేదంటే, కూరగాయల మార్కెట్ మలుపులో రెండు బస్సులకు అడ్డంగా ఉందన్నాడు. నేను వెళ్లి, డ్రైవర్లిద్దరూ తిడుతుండగానే రాడ్డును మూడుసార్లు కదిపి బయటికి తీశాను. మార్కెట్టంతా చూసింది! ఆ తర్వాత వాడు మా కారు వంక కన్నెత్తి చూడలేదు. చుట్టరికం చెడకుండా ఇంత మర్యాదగా కాదనే పరికరం ఏ షోరూములో దొరుకుతుంది చెప్పండి?

ఇక గౌరవం సంగతి. ఆస్పత్రికైనా, పెళ్లికైనా, అమ్మాయి కాలేజీకైనా, మా ఇంట్లో ఎవరు కదలాలన్నా ముందు నేను కదలాలి. మా ఆవిడకు లైసెన్స్ వచ్చి మూడేళ్లయింది. రాడ్డు బాగు చేయిస్తే తనూ నడుపుతానని అన్నప్పుడల్లా, ఆ బుష్ ఇప్పుడెక్కడా దొరకడం లేదని విచారంగా చెప్పేవాణ్ని. ఏం చేయను? ఆఫీసులో నా మాట వినే నాథుడు లేడు. ఇంట్లో టీవీ రిమోట్ నా చేతికి రాదు. ఈ లోకంలో నా మాట వినేది ఆ రాడ్డు ఒక్కటే. అదీ అందరి మాటా వినడం మొదలుపెడితే నేనేమైపోవాలి?

పోయిన శుక్రవారం కంటి డాక్టరు నా కళ్లలో చుక్కలు వేసి, సాయంత్రందాకా బండి నడపొద్దన్నాడు. మా ఆవిడ చెయ్యి చాపింది. తాళాలిచ్చాను. లోలోపల సంబరంగానే ఇచ్చాను, దాచడమెందుకు! మూడో గేరు దగ్గర ఆగిపోతుంది, మసక కళ్లతోనైనా నడపమని నన్నే బతిమాలుతుందని ఎదురుచూశాను.

మొదటిది పడింది. రెండోదీ పడింది. తర్వాత మళ్లీ రెండోదానికే వెళ్తున్నట్టు నటించి, కాస్త పైకి లేపి, చప్పున ముందుకు తోసింది. నేను నోరెళ్లబెట్టాను. ఎప్పుడు నేర్చుకున్నావని అడిగితే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది.

"నాలుగేళ్లుగా పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాగా. మీరంత ముచ్చటపడుతుంటే, పోనీలే అని ఊరుకున్నాను."

ఆ ఊపులోనే కారును తిన్నగా మెకానిక్ షెడ్డుకు పోనిచ్చింది. బుష్ దొరుకుతుందా అని అడిగింది. నేను వెనక నిలబడి ఎన్ని సైగలు చేసినా అతను చూడనట్టే ఉన్నాడు.

"వచ్చి రెండేళ్లయింది మేడం. సారే ఇప్పుడొద్దు, అలా ఉండనీ అన్నారు."

అరగంటలో పని అయిపోయింది. ఆ అరగంటా మా ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు రాడ్డు వేలితో తోస్తే చాలు, వెళ్లి కూర్చుంటోంది. ఆవిడ నడుపుతోంది. అమ్మాయి నేర్చుకుంటోంది. బావమరిది మళ్లీ విశాల హృదయంతో వస్తున్నాడు. నిన్న అందరూ బయల్దేరుతూ ఉంటే, "నాన్నా, నువ్వూ వస్తావా?" అని అడిగింది అమ్మాయి. పద్నాలుగేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, అడిగే అవసరమే రాలేదు. వెనక సీట్లో సంచుల పక్కన సర్దుకుని కూర్చుని వెళ్లాను. ప్రయాణం చాలా సుఖంగా సాగింది. అదే నా బాధ.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. మీ పాత కారుకు కొత్త బుష్ వేయిస్తుంటే, అరిగిపోయినదాన్ని పారేయకండి. ఎంత అరిగితే అంత మంచిది. నా పేరు రాసి ఆఫీసుకు పంపండి. ఇంటికి మాత్రం వద్దు.