రెండు కోర్లు కొంటే నాలుగొచ్చాయి

ఆ శనివారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే షాపుకి వెళ్లి కూతురికి గేమింగ్ లాప్‌టాప్ కొనాలి. మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీయాలి. సాయంత్రం అయిదింటికి కూతురు దాని మీద మ్యాచ్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూడాలి. పంపుల ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్‌గా పనిచేసే ఆ తండ్రి ఇంతకంటే పెద్ద పథకాలు ఎన్నడూ వేసుకోలేదు. కాకపోతే ఆయనకి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఏ వస్తువునీ లెక్కపెట్టకుండా నమ్మడు. లెక్క సరిపోతే ఎందుకు సరిపోయిందా అని ఆలోచనలో పడతాడు.

కూతురు కాలేజీలో అయిదుగురు అమ్మాయిల ఆట జట్టులో ఉంది. పోయినేడు అసలైన మ్యాచ్ మధ్యలో ఆమె పాత లాప్‌టాప్ బిగుసుకుపోయి, జట్టు జట్టంతా ఇంటిదారి పట్టింది. కొత్తది ఉంటేనే రమ్మని ఈసారి స్నేహితురాళ్లు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు ఆ పిల్ల ఏడవలేదు గానీ, కంచం ముందు నుంచి లేచిపోయింది. తండ్రి ఆ పూటే మాట ఇచ్చాడు.

షాపులో ఒకే ధరకి రెండు లాప్‌టాప్‌లు చూపించారు. ఒకటి డ్యూయల్ కోర్, అంటే లోపల పనిచేసే మెదళ్లు రెండు. ఒకటి క్వాడ్ కోర్, అంటే నాలుగు. టై కట్టుకున్న సేల్స్‌మన్ డ్యూయల్ కోర్ వైపు చెయ్యి చూపించాడు. "అమ్మాయి ఆడే ఆటకి ఇదే మంచిదండీ. కోర్లు రెండే అయినా, ఆట బొమ్మల్ని తెర మీద నడిపించే గ్రాఫిక్స్ కార్డు గట్టిది. నాలుగు కోర్లున్న దాంట్లో ఆ కార్డు పాతది." కూతురు అవునన్నట్టు తలూపింది.

స్టోర్ కీపర్‌కి అక్కడే అనుమానం వచ్చింది. అదే ధరకి నాలుగు వస్తుంటే రెండు చాలనే అమ్మకందారుణ్ణి ఆయన తన సర్వీసులో చూడలేదు. పైగా ముక్కూమొహం తెలియని ఇద్దరు మొదటి నిమిషంలోనే ఒక మాట మీద నిలబడ్డారు. కూతుర్ని పక్కకి పిలిచి, ఇతను నీకు ముందే తెలుసా అని అడిగాడు. కూతురు చూసిన చూపుకి నోరు మూసుకుని డ్యూయల్ కోరే కొన్నాడు. సేల్స్‌మన్ ఆట కూడా అందులోకి ఎక్కించి ఇచ్చాడు. అమ్మాయి అటునుంచి అటే స్నేహితురాలి ఇంటికి జట్టుతో మాట్లాడుకోవడానికి వెళ్లింది. తండ్రి డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇల్లు చేరాడు.

ఇంటికొచ్చాక కాలు ఒకచోట నిలవలేదు. ఫ్యాక్టరీ కంప్యూటర్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి, కోర్లు కంటితో చూడాలంటే ఎలా అని అడిగాడు. సెలవురోజు ఫోన్ వచ్చిన విసుగులో అతను ఎక్కడెక్కడ నొక్కాలో గబగబా చెప్పి, తెర మీద చిన్న గళ్లు వస్తాయి, లెక్కపెట్టుకోండి అని పెట్టేశాడు. గళ్లు వచ్చాయి. స్టోర్ కీపర్ ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టాడు, కుడి నుంచి ఎడమకి లెక్కపెట్టాడు. నాలుగే. భార్యని పిలిచి లెక్కపెట్టమన్నాడు. ఆవిడకీ నాలుగే వచ్చాయి.

"రెండు కొంటే నాలుగొచ్చాయి. సంతోషించక ఆ మొహం ఏంటండీ?" అందావిడ.

"తక్కువొస్తే అడిగి తెచ్చుకోవచ్చు. ఎక్కువొస్తే మనమే జవాబు చెప్పుకోవాలి," అన్నాడాయన.

స్టోర్‌లో ఒకచోట సరుకు ఎక్కువుందంటే ఇంకోచోట తగ్గిందని అర్థం. తగ్గినవాడు ఎప్పటికైనా వెతుక్కుంటూ వస్తాడు. బిల్లు మీదున్నది కూతురి పేరు. సరిగ్గా మ్యాచ్ నడుస్తుండగా ఎవరో తలుపు కొట్టి లాప్‌టాప్ పట్టుకుపోతున్న దృశ్యం ఆయన కళ్లముందు కదిలింది. అమ్మాయికి చెప్పొద్దని భార్యకి మరీ మరీ చెప్పి, డబ్బా పట్టుకుని మళ్లీ షాపుకి బయల్దేరాడు.

సేల్స్‌మన్ భోజనానికి వెళ్లాడు. కౌంటర్ దగ్గర యజమాని ఉన్నాడు. నిన్నమొన్నటిదాకా ఫ్యాన్లు అమ్మినవాడు, లాప్‌టాప్ గురించి అతనికి తెలిసిందల్లా అది ఏ వైపు నుంచి తెరుచుకుంటుందనేది మాత్రమే. స్టోర్ కీపర్ చుట్టూ చూసి, గొంతు తగ్గించి, మీవాళ్లు నాకు రెండు కోర్లు ఎక్కువిచ్చారన్నాడు.

యజమాని ముఖంలో రంగు మారింది. తక్కువొచ్చిందని గొడవకొచ్చేవాళ్లని అతను రోజూ చూస్తాడు. ఎక్కువొచ్చిందని తిరిగొచ్చేవాడు మామూలు కొనుగోలుదారుడు అయ్యుండడు, తనని పరీక్షించడానికి లాప్‌టాప్ కంపెనీ హెడ్ ఆఫీసు పంపిన మనిషే అయ్యుండాలి. కుర్చీ వేయించాడు. చల్లటి నీళ్లు తెప్పించాడు. ఒక బ్యాగు ఉచితమన్నాడు, ఆపైన ఒక మౌస్ ఉచితమన్నాడు. అడగకుండా ఇన్ని ఇస్తున్నాడంటే వ్యవహారం తను అనుకున్నదానికంటే లోతుగా ఉందని స్టోర్ కీపర్‌కి రూఢి అయింది. బ్యాగుని వేలితో కూడా తాకలేదు. తాకకపోవడం చూసి యజమానికి చెమటలు పట్టాయి.

సేల్స్‌మన్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, సంగతి విని నవ్వాడు. ఉన్నవి రెండే, నాలుగులా కనబడతాయి అన్నాడు. ఆ పరిస్థితిలో ఒక మోసగాడు చెప్పేమాట అక్షరాలా అదే కాబట్టి ఇద్దరూ నమ్మలేదు. యజమాని లోపలి గదిలోని డబ్బాలన్నీ విప్పించాడు. రెండు కోర్లవి ఎన్ని తెరిస్తే అన్నిట్లోనూ నాలుగు గళ్లు. నాలుగు కోర్లది తెరిస్తే ఎనిమిది. యజమాని షట్టర్ సగం దించేశాడు. సరుకు పంపినవాడికి ఫోన్ చేసి, అంతా రెట్టింపు వచ్చిందని మొరపెట్టుకుంటే, అయితే సగం వెనక్కి పంపించండి అని అట్నుంచి జవాబొచ్చింది. ఇదంతా సేల్స్‌మన్ పనేనని తేల్చుకున్న యజమాని, సోమవారం నుంచి పనిలోకి రావద్దని అతనికి అప్పటికప్పుడు చెప్పేశాడు.

ఈ గందరగోళంలో అయిదు కావస్తోందని స్టోర్ కీపర్ గమనించలేదు. షట్టర్ కింద నుంచి వంగి కూతురు లోపలికొచ్చింది. వెనకాలే, అడిగిన మొదటి క్షణంలోనే అంతా చెప్పేసిన భార్య వచ్చింది.

కూతురు తెర మీదికి వంగి చూసి, గట్టిగా ఊపిరి వదిలింది. "నాన్నా, కోర్లంటే వంటవాళ్లనుకో. వంటింట్లో ఇద్దరున్నారు. ఒక్కొక్కరి ముందు రెండేసి పొయ్యిలు. నువ్వు వంటవాళ్లని వదిలేసి పొయ్యిలు లెక్కపెట్టావు." గళ్ల కిందే చిన్న అక్షరాలతో కోర్లు రెండు అని రాసుంది. అక్కడున్న నాలుగు జతల కళ్లలో ఏదీ అంతదాకా దిగలేదు.

"అదేనండీ మధ్యాహ్నం నుంచి నేను మొత్తుకుంటున్నది," అన్నాడు సేల్స్‌మన్, టై వదులు చేసుకుంటూ.

స్టోర్ కీపర్ తల ఎత్తలేకపోయాడు. పోయినేడు లాప్‌టాప్ చేసిన పని ఈ ఏడు తను చేస్తున్నాడు. ఇల్లు చేరేంత సమయం లేదు. సేల్స్‌మనే గబగబా కౌంటర్ ఖాళీ చేసి, షాపు నెట్ కలిపి, ఆమెకి కుర్చీ లాగాడు. తను పంపేసిన మనిషే అంత చురుగ్గా పనిచేస్తుంటే యజమాని చూడలేక, సోమవారం మాట మర్చిపొమ్మని గొణిగాడు.

ఆట నియమం ప్రకారం కెమెరా వేసి ఉంచాలి. మొదలవబోతుండగా లాప్‌టాప్‌లోంచి రిఫరీ గొంతు వినబడింది. "వెనకాల నిలబడ్డ ఆయనెవరు? పెదాలు కదులుతున్నాయి. మీకేమైనా అందిస్తున్నాడా?"

"మా నాన్నండీ. లెక్కపెట్టుకుంటున్నారు."

"ఏం లెక్కపెడుతున్నారు?"

అది కూతురికే కాదు, ఆయనకీ తెలియదు. అవతలి జట్టు అప్పటికే అభ్యంతరం చెప్పింది. గదిలో ఇంకో మనిషి ఉంటే ఆట రద్దు అన్నాడు రిఫరీ. అందరూ బిలబిలా బయటికి నడిచారు. అందరికంటే ముందు స్టోర్ కీపరే నడిచాడు.

షట్టర్ బయట మెట్ల మీద నలుగురూ కూర్చున్నారు. లోపల్నుంచి మీటల టకటక తప్ప మరేమీ వినబడడం లేదు. కాస్త వంగితే షట్టర్ కింద నుంచి తెర కనబడుతుంది. వంగుతాడేమోనని భార్య ఆయన్నే కనిపెట్టుకుని కూర్చుంది. ఆయన వంగలేదు. కెమెరాలో పడతానన్న భయం కంటే, తను వంగడం పిల్ల చూస్తుందేమోనన్న భయం ఎక్కువైంది. చూడకుండా, లెక్కపెట్టకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకి అప్పుడే తెలిసింది. ఆ కష్టం తనకి రావలసిందేననిపించింది.

వీధి దీపాలు వెలిగే వేళకి షట్టర్ పైకి లేచింది. కూతురు ముఖం వెలిగిపోతోంది.

"గెలిచాం నాన్నా."

అవతలివాళ్లకి ఎన్ని, మనకి ఎన్ని, కలిపితే సరిపోయిందా అని ఆయన అడుగుతాడని అందరూ ఎదురుచూశారు.

"సరే తల్లీ. ఇంటికి పద," అన్నాడు.

భార్య చటుక్కున ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదని తేలేసరికి, మరి లెక్క ఎందుకు అడగలేదా అని ఈసారి ఆవిడకి అనుమానం మొదలైంది.