మైకుగారి సోయా మాత్రలు

ఆ ఉదయం మైకుగారి పథకం చిన్నదే. తొమ్మిదింటికి పన్ను పీకించుకోవాలి, రేపు మళ్లీ బస్టాండులో మైకు ముందు కూర్చోవాలి. నిన్న వాచిన దవడతో చేసిన ప్రకటన ఏ బస్సు గురించో ఆయనకే తెలియలేదు. "రేపటికి నోరు బాగవకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది" అని మేనేజరు తేల్చేశాడు.

పళ్ల డాక్టరమ్మ పట్టకారు అందుకుని, "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగింది.

లేదని ఊరుకుంటే ఆయన మైకుగారెందుకవుతారు? "పులియబెట్టిన సోయా నుంచి తీసిన ఎంజైమ్ మాత్రలండీ! రక్తం సాఫీగా తిరుగుతుందట. నెలయింది. కాళ్ల తిమ్మిర్లు మాయం! నెత్తిమీద నూగు కూడా మొలుస్తోంది, చూడండి" అని బట్టతల వంచారు.

డాక్టరమ్మ తల చూడలేదు. పట్టకారు కింద పెట్టేసింది. "అవి రక్తాన్ని పలచన చెయ్యొచ్చు. పీకాక నెత్తురు ఆగకపోతే ఎవరిది పూచీ? రెండు వారాలు ఆపి రండి."

మైకుగారికి రేపటి కుర్చీ గుర్తొచ్చింది. "పోనీ, ఆ మాత్రలు చూసి చెప్పండి" అని బతిమాలారు. ఆవిడ ఆయన భార్యకు ఫోన్ చేసి, "మీవారి మాత్రలు వెంటనే తీసుకురండి" అంది. వెంటనే అన్నాక ఇల్లాలు నిలుస్తుందా? మొగుడికేదో అయిందని అత్తగారినీ, ఒంటరిగా వదిలితే పరుపులు చింపే కుక్కనీ వెంటబెట్టుకుని లబోదిబోమంటూ వచ్చిపడింది.

అత్తగారి చేతిలో రెండు పాత జామ్ సీసాలున్నాయి. ఏ మందు కొన్నా ఖాళీ జామ్ సీసాలోకి వొంపితే గానీ ఆవిడకు తోచదు.

"తెల్లవి కుక్కవి, గోధుమరంగువి నీవి నాయనా. రెండూ ఒకే రోజు తెచ్చారుగా! డబ్బాలు కూడా పారెయ్యలేదు" అంటూ సంచీలోంచి తీసిచ్చింది.

డాక్టరమ్మ డబ్బాలు చదివింది. తెల్లవి సోయా ఎంజైమ్. గోధుమరంగువి, బొచ్చు రాలే కుక్కలకు.

"మరి మీ తిమ్మిర్లు ఎలా తగ్గాయండీ?"

"ఇప్పుడే మళ్లీ మొదలయ్యాయి" అన్నారు మైకుగారు నీరసంగా.

"మీరు మింగినవి ఒట్టి విటమిన్లే. నోరు తెరవండి" అంది డాక్టరమ్మ నవ్వాపుకుంటూ. పన్ను ఊడొచ్చింది, కుర్చీ దక్కింది.

"ఇంటికెళ్లగానే సీసాలు సరిచేస్తా. ఎవరివి వాళ్లకే" అంది భార్య దారిలో.

నోటినిండా దూదితో మాట్లాడలేక, మైకుగారు చీటీ రాసి ఇచ్చారు: "నావి మార్చొద్దు. దానికి బొచ్చు ఉంది."