చార్టులో కాసిన మామిడి

మామిడి చెట్టు గురించి నేర్చుకోవాలంటే మామిడి తోటకు దూరంగా ఉండాలి. ఇది నా సిద్ధాంతం. నవ్వకండి! నూజివీడు పక్కనే పుట్టి, పదో తరగతి దాకా వచ్చి, బాగా ఆలోచించాకే చెబుతున్నాను.

మా బడికి ఈ ఏడాది జీవిత చక్రాల చార్టులు వచ్చాయి. ఎంత మేలు జరిగిందో! గాలికి చార్టులు చిరిగిపోతున్నాయని కిటికీలు మూయించారు. కిటికీల అవతల తోట ఉంది. ఇక పిల్లల చూపు కొమ్మల మీదికి పోయే ప్రమాదం లేదు. చార్టులో చెట్టుకు ఎర్రచీమలుండవు, కాయకు సొన కారదు. గొంగళిపురుగు బుద్ధిగా బాణం గుర్తు వెంట నడిచి సీతాకోకచిలుక అవుతుంది. మొన్న ఒక నిజం గొంగళిపురుగు ఎలా వచ్చిందో వచ్చి, చార్టెక్కి, సీతాకోకచిలుక దగ్గర బయల్దేరి బాణాలకు ఎదురు నడిచింది. చదువు లేకపోతే అంతే మరి!

నాలాంటి పిరికివాళ్లకైతే చార్టు దేవుడిచ్చిన వరం. ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఆరో తరగతికి పాఠం చెప్పమని నన్ను ముందుకు తోశారు. అమ్మ పెట్టెలోని మంచి చీర కట్టుకుని వెళ్లాను. పిల్లల మొహాలు చూసే ధైర్యం లేక గోడకే చెప్పాను. టెంక, మొక్క, చెట్టు, పూత, పిందె, పండు, మళ్లీ టెంక. గోడ ఒక్క ప్రశ్నా వేయలేదు.

ముందు వరసలో శకుంతల వేసింది.

"టీచరక్కా, టెంక పాతితే మన రసాలు కాయవంటగా. ఏం కాస్తాయో చెప్పలేమంట. అంటు కట్టాలంట."

"ఎవరు చెప్పారు?"

"మీ అమ్మే. నర్సరీలో మా అమ్మా మీ అమ్మా కలిసేగా అంట్లు కట్టేది."

వెనక బెంచీలో హెడ్మాస్టరుగారు కూర్చుని మార్కులు వేస్తున్నారు. బాగా చెప్పినవాళ్లకు పెన్ను బహుమతి. అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని నేనేమన్నానో తెలుసా?

"కూలికెళ్లేవాళ్లకేం తెలుసు? చార్టులో లేదు. కూర్చో."

పెన్ను నాకే వచ్చింది!

సాయంత్రం అమ్మ పెన్నును అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం పాఠం చెప్పావే?" అంది. నోటుబుక్కులో చక్రం చూపించాను. అమ్మకు అక్షరాలు రావు. బొమ్మలు వస్తాయి. అంటు కత్తి గాట్లున్న వేలితో ఒక్కో బొమ్మా తడుముతూ వచ్చి, మొక్క దగ్గర ఆగింది.

"ఇదేమో కుండీలో టెంక మొక్క. ఇదేమో రసం చెట్టు. మధ్యలో నేనేదే?"

"అక్కడ బాణం గుర్తుందిగా అమ్మా."

"ఓహో, నేను బాణాన్నా," అని నవ్వి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

చార్టు మంచిదే. ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే ఆ బాణం గుర్తు మీద, మొక్కనూ కొమ్మనూ కలిపి కట్టిన ముడి ఒకటి గీయాలని ఉంది. ఆ పెన్ను పట్టుకుని ఆరో తరగతి గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లొచ్చాను. గీయడం కష్టం కాదు. గీశాక గోడ వైపు నుంచి పిల్లల వైపు తిరగాలి. శకుంతల మొహం చూసి, ఈ ముడి వేసేది మా అమ్మ, నీకు తెలిసిందే నిజం అని చెప్పాలి.

అందుకే ముందుగా మీకు చెబుతున్నాను. మీరూ గోడలాంటివారే. ప్రశ్నలు వేయరు కదా!