నాలుగు యూనిట్ల గౌరవం

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన ఆరోగ్య వ్యవస్థలన్నిటిలోకీ అత్యున్నతమైనది మా ఊళ్ళో ఉంది. దానికి రెండు గదులు, ఒక బొగ్గు పొయ్యి, ఒక నర్సు. నర్సు పేరు కనిషాయ్. మా ఊరు నరిన్ కొండల్లో ఉంది కాబట్టి డాక్టరు జిల్లా కేంద్రం నుంచి మంగళవారం మాత్రమే, అదీ దారిలో మంచు ఒప్పుకుంటే, వస్తాడు. మిగతా ఆరు రోజులూ మా ఊళ్ళో జబ్బు పడటం క్రమశిక్షణా రాహిత్యం కింద లెక్క.

నేను భూగోళం మాస్టారుగా రిటైరైనవాణ్ణి. ఊరి చక్కెర జబ్బువాళ్ళ జాబితాలో నాది పదకొండో నంబరు. మొత్తం ముప్పైతొమ్మిది మందిమి. ఎవరు టీలో రెండు చెంచాల జామ్ కలుపుకుని ‘పచ్చి మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలేదు’ అంటారో, ఎవరి కాలివేలు రంగు మారుతోందో, ఎవరికి సూదంటే భయమో కనిషాయ్‌కి కంఠతా వచ్చు. 417వ నంబరు ఉత్తర్వు ప్రకారం నర్సు చక్కెర కొలవవచ్చు, కాళ్ళు చూడవచ్చు, ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, తీయవచ్చు, పొడవవచ్చు, రోగిని తిట్టవచ్చు (తిట్టడం ఉత్తర్వులో లేదు, ఆచారంగా వస్తోంది). ఎన్ని యూనిట్లో కాగితం మీద రాయడం మాత్రం డాక్టరు పని. తెలిసినవాళ్ళే రాసేసుకుంటే ఇక సంతకానికి విలువేముంటుంది?

మా డాక్టరు ఎర్మెక్‌గారు మంచివాడు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి మంగళవారం ఆయన గదిలో ఒకే సంభాషణ జరుగుతుంది.

“కనిషాయ్, ఈ మాస్టారికి ఎంత రాద్దాం?”

“ఇరవై అండీ.”

ఆయన కళ్ళద్దాలు తీస్తాడు. కప్పు వంక చూస్తాడు. నిట్టూరుస్తాడు. “ఇరవయ్యా? ఎక్కువైపోదూ? పదహారు చాల్లే.”

“మీ ఇష్టమండీ.”

నాకు కావలసింది పదహారే. తగ్గిన ఆ నాలుగూ డాక్టరుగారి గౌరవం. మొదటి ఏడాది కనిషాయ్‌కి లోకం తెలియక ఉన్నదున్నట్టు చెప్పేది. ఆయన నాలుగు కోసేవాడు, మా చక్కెర ఆకాశానికి ఎక్కేది. రెండో ఏడాది నుంచి ఆమె నాలుగు కలిపి చెప్పడం మొదలుపెట్టింది. పశువుల సంతలో పొట్టేలు అసలు ధర ఎవడూ చెప్పడు, చెప్పిన ధరకు ఎవడూ కొనడు, అయినా సాయంత్రానికి సంత సజావుగా ముగుస్తుంది. ఇదీ అంతే. వాళ్ళిద్దరూ ఈ సంగతి ఒక్కసారి కూడా పైకి అనుకోలేదు. ఇరవై రెండేళ్ళలో ఊళ్ళో చక్కెర జబ్బుతో ఒక్కరూ పోలేదు (గుర్రం మీంచి పడి పోయినవాళ్ళు వేరే శాఖ కిందికి వస్తారు).

ఇక బాత్మా. ఒకటో తరగతి నుంచీ నా పక్క బల్ల. ఇప్పుడు అరవై ఆరేళ్ళు. ఏటా జూన్‌లో గొర్రెల్ని తోలుకుని కొండమీది పచ్చికకు వెళ్ళిపోతుంది, మూణ్ణెల్లు దిగదు. అక్కడ రోజంతా నడకే కాబట్టి ఇంట్లో ఉన్నప్పటికంటే ఇన్సులిన్ తక్కువ కావాలి. కనిషాయ్ లెక్క ప్రకారం పద్నాలుగు. అందుకని సోమవారం నాడు బాత్మా కార్డు మీద, మంగళవారం డాక్టరు చూసేందుకు, పద్ధతి ప్రకారం ‘పద్దెనిమిది’ అని రాసిపెట్టింది.

ఆ మంగళవారం ఎర్మెక్‌గారు అన్న కూతురి పెళ్ళికి వెళ్ళారు. బదులు ఐజార్కిన్ అనే కొత్త డాక్టరమ్మ వచ్చింది. ‘నర్సు అభిప్రాయాన్ని పూర్తి గౌరవంతో స్వీకరించవలెను’ అనే కొత్త సర్క్యులర్ చదివి మరీ వచ్చింది. అంతటితో ఆగక, దాన్ని నమ్మింది కూడా.

కనిషాయ్ అక్కడ లేదు. డాక్టరు వచ్చే రోజూ, ఏడాదికోసారి నర్సు ఇంటింటికీ తిరగాల్సిన రోజూ ఈసారి రెండూ ఆ మంగళవారమే పడ్డాయి (రెండు ఉత్తర్వులు, రెండు శాఖలు, రెండింటికీ అదే రోజు శుభప్రదంగా తోచింది). ఇంటింటికీ తిరగడమంటే మా వైపు చిన్న పని కాదు. గడప దాటేముందు రొట్టె తుంచి నోట్లో వేసుకోకపోతే ఆ ఇంటిని అవమానించినట్టే. రొట్టె మానమని చెప్పడానికి వెళ్ళిన మనిషి ఆ రోజు పదకొండు ఇళ్ళ రొట్టె తిని, పదకొండు టీలు తాగి, పొద్దుగూకాక ఇంటికి చేరింది. (ఆమె చక్కెర ఎంతో ఎవరూ కొలవలేదు. నర్సులు జాబితాలో లేరు.)

ఈలోగా డాక్టరమ్మ కార్డు మీద పద్దెనిమిది చూసి, చీటీ మీద పద్దెనిమిదే రాసింది. అందరికీ అర్థమయ్యే దస్తూరితో రాసింది. ముద్ర వేసింది. బాత్మా బుధవారం తెల్లారగానే చీటీలో ఉన్నది ఉన్నట్టు పొడుచుకుని, గుర్రమెక్కి, గొర్రెలతో బయల్దేరింది.

పొద్దున రిజిస్టరు తెరిచిన కనిషాయ్ తలగుడ్డ కూడా సరిగ్గా కట్టుకోకుండా మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

“మాస్టారూ, కారు తియ్యండి!”

“ఏమైందమ్మా?”

“ఆ పిల్ల నేను రాసింది రాసినట్టే రాసేసింది!”

డాక్టర్ల మీద నేను చాలా ఫిర్యాదులు విన్నాను. ఇలాంటిది వినడం అదే మొదలు.

“ఫోన్ చెయ్యరాదూ?” కారు తీస్తూ అడిగాను.

“కొండమీద సిగ్నలెక్కడిదండీ! పోనివ్వండి, ఇంకొంచెం గట్టిగా పోనివ్వండి. ఈ చేత్తోనే రాశానండీ, ఈ చేత్తోనే.” ఆమె ఏడుస్తోంది. నాకూ భయం వేసింది.

కనుమ దగ్గర దారంతా గొర్రెలు చెదిరిపోయి ఉన్నాయి. బాత్మా ఒక రాయి మీద కూలబడి ఉంది. ముఖం పాలిపోయింది, చొక్కా చెమటకి తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. అయినా కుక్కని తిడుతూనే ఉంది.

“ఎవరే నువ్వు? పశువుల డాక్టరువా? నా గొర్రెలకేం రోగం లేదు, పో!”

“నోరు తెరువు పెద్దమ్మా. ఈ చక్కెర బిళ్ళలు నములు.”

“చక్కెరా? అమ్మో, నాకొద్దు. కనిషాయ్ తిడుతుంది.”

“నేనే కనిషాయ్‌ని! తినకపోతే ఇంకా తిడతాను. తిను!”

చక్కెర మందుల జాబితాలో లేదు కాబట్టి దానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. చక్కెర జబ్బుకు మా నర్సు సొంత అధికారంతో ఇవ్వగలిగిన ఏకైక మందు చక్కెరే. ఐదు బిళ్ళలు నమిలి, పావుగంట తర్వాత బాత్మా నన్ను గుర్తుపట్టి, “నువ్వెందుకొచ్చావోయ్, మ్యాపు చూపించడానికా?” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. రొట్టె ముక్క కూడా తినిపించాక కనిషాయ్ మళ్ళీ చక్కెర కొలిచి, ఊపిరి పీల్చుకుంది.

“రేపట్నుంచి పద్నాలుగే పెద్దమ్మా. గుర్తుంటుందా?”

“చీటీలో పద్దెనిమిదుంది కదే. ముద్ర కూడా ఉంది.”

“చీటీ సంగతి వదిలెయ్యి.”

“ఎట్లా వదిలేస్తానే? పైన నా అల్లుడు రోజూ చీటీ చూసి మరీ పొడుస్తాడు. వాడికి నీ మాట కాదు, కాగితం కావాలి. దిద్దివ్వు.”

డాక్టరు చీటీని నర్సు దిద్దితే ఉద్యోగం పోతుందని బాత్మాకు తెలియదు. నాకు తెలుసు. కనిషాయ్‌కి ఇంకా బాగా తెలుసు. ఆమె కారు బానెట్ మీద చీటీ పరిచి, పద్దెనిమిది కొట్టేసి, పద్నాలుగు వేసి, కింద సంతకం చేసింది. ఇరవై రెండేళ్ళలో ఆమె సంతకం నేను చూడటం అదే మొదటిసారి. బడిపిల్ల రాతలా గుండ్రంగా ఉంది.

దిద్దిన చీటీ కబురు జిల్లా కేంద్రానికి చేరి, వారం తిరక్కుండా ముగ్గురు సభ్యుల విచారణ సంఘం దిగింది.

“పద్నాలుగే సరైనదని మీకెలా తెలుసు?” అధ్యక్షుడు అడిగాడు.

“ఆవిడ్ని ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నానండీ.”

“చూడటం సరే. తెలుసుకోవడానికి అనుమతి ఎవరిచ్చారు?”

ఐజార్కిన్ డాక్టరమ్మ లేచి, “తప్పు నాదండీ. కార్డు చూసి రాసేశాను, ఈవిడ వచ్చేదాకా ఆగి అడగాల్సింది,” అంది. సర్క్యులర్ పాటించినవాళ్ళు తప్పు ఒప్పుకోవడానికి నిబంధన లేదని ఆమెను కూర్చోబెట్టారు. ఎర్మెక్‌గారు పెళ్ళిలో ఉన్నారు కాబట్టి ఆయన తప్పూ లేదు. డాక్టరు లేని సమయంలో సరైన మోతాదు తెలిసి ఉన్నందుకు, తెలిసినదాన్ని కాగితం మీద పెట్టినందుకు కనిషాయ్‌కి మూడు నెలల జీతం కోత, చివరి హెచ్చరిక. వెళ్ళేముందు సంఘంవారు పద్ధతి ప్రకారం రొట్టె తుంచుకున్నారు. అధ్యక్షుడు మాత్రం వెనకగదిలోకి వెళ్ళి చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, “పొద్దున్నే కళ్ళు తిరుగుతున్నాయి తల్లీ, ఎంత తగ్గించమంటావ్?” అని అడిగాడు.

మరుసటి మంగళవారం కొట్టివేత లేని కొత్త చీటీ రాయడానికి ఎర్మెక్‌గారు కూర్చున్నారు.

“బాత్మాకి ఎంత రాద్దాం కనిషాయ్?”

“పద్దెనిమిది అండీ.”

“పద్దెనిమిదా? ఎక్కువైపోదూ? పద్నాలుగు చాల్లే.”

సకాలంలో మోతాదు తగ్గించి ఒక కాపరి ప్రాణం కాపాడినందుకు ఎర్మెక్‌గారికి ప్రశంసాపత్రం వచ్చింది. అద్దం కట్టించి మా క్లినిక్ గోడకే తగిలించారు. కనిషాయ్ ప్రతి సోమవారం స్టూలెక్కి దాని మీద దుమ్ము తుడుస్తుంది. అందుకు డాక్టరు సంతకం అవసరం లేదు.