నిద్ర బాకీ

తను రోజూ తెల్లవారుజామున పరుగెత్తేది ఇంటి కోసమా, ఇంటి నుంచా అన్న సందేహం కళ్ళజోళ్ళ దుకాణదారుకు చాలా ఏళ్ళుగా ఉంది. పరుగు ఆరోగ్యం కోసం, ఆరోగ్యం సంసారం కోసం, కాబట్టి పరుగు కూడా సంసారం కోసమేనని దేవుడి పటం ముందు నిలబడినప్పుడల్లా తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. దేవుడు అవుననలేదు, కాదనలేదు. అతను బూట్ల తాళ్ళు బిగించే వేళకే వంటింట్లో కుక్కరు కూత పెడుతుండేది. తిరిగొచ్చేసరికి అమ్మాయి జడ, క్యారేజీ, బడి బస్సు అన్నీ అయిపోయేవి. చెమట మాత్రం అతని ఒంటిమీదే కనిపించేది.

భార్య ఆసుపత్రిలో నర్సు. అమ్మాయి పుట్టిన కొత్తలో ఆవిడ రాత్రంతా పసిదాన్ని భుజాన వేసుకుని తిరుగుతుంటే చూడలేక, అదే పటం ముందు అతను మాటిచ్చాడు. ఒక్కరోజు, ఆవిడ తనంతట తాను లేచేదాకా ఎవరూ లేపకుండా చూసే పూచీ తనదన్నాడు. ఆ పసిది ఇప్పుడు ఏడో తరగతి. మాట మాత్రం ఇంకా ఉయ్యాల దిగలేదు.

ఆ ఆదివారం అన్నీ కలిసొచ్చాయి. అమ్మాయి బడివాళ్ళతో విహారయాత్రకు వెళ్ళింది. భార్యకు సెలవు. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర అతను ప్రకటించాడు.

"రేపు నువ్వు లేవొద్దు. టిఫిను సంగతి నేను చూసుకుంటా."

"మరి మీ పరుగు?"

"వెళ్ళొచ్చేస్తాగా."

"చూద్దాం," అంది ఆవిడ. ఆ ఒక్క మాటలో ఇన్నేళ్ళ కాపురం ఉంది.

తెల్లవారుజామున అతను పిల్లిలా లేచాడు. అలారం తీసేశాడు. ఆవిడ ఫోను నోరు నొక్కాడు. కాలింగ్ బెల్లు తీగ ఊడదీశాడు. పాలసంచి గేటుకు తగిలించాడు. ఎవరూ తలుపు తోసుకుని రాకుండా బయటి నుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఇంత పకడ్బందీగా ఏ పనీ చేయలేదని మురిసిపోతూ మైదానానికి బయలుదేరాడు. మరిచిపోయిందల్లా ఒక్కటే. ముందురోజు సాయంత్రమే ఊరి నుంచి దిగి, పక్కగదిలో పడుకున్న మామగారిని.

మామగారికి లేవగానే టీ పడాలి. వంటింట్లో గిన్నె కదిలితే పడకగదికి వినిపిస్తుంది. కూతురి నిద్ర ఒప్పందం రాత్రి ఆయనా విన్నాడు కాబట్టి, మూలమీది టీకొట్టుకు వెళ్ళొద్దామని చొక్కా తొడుక్కున్నాడు. తలుపు రాలేదు. లోపలి నుంచైనా తాళంచెవి ఉంటే తప్ప రాని తలుపు అది. అల్లుడికి ఫోను చేశాడు. పరుగు బృందంలో ఫోన్లు నిషేధం కావడంతో అది వంటింటి అరమీద నుంచే గొంతెత్తింది. పెద్దాయన ఒక్క ఉదుటున వెళ్ళి దానిమీద దిండు వేసి, పసిపిల్లాణ్ణి జోకొట్టినట్టు జోకొట్టాడు.

ఇక మిగిలింది కిటికీ. ఎదురింటి మేడమీద రిటైరైన లెక్కల మాస్టారు మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. అరిస్తే కూతురు లేస్తుంది. అందుకని మామగారు సైగలకు దిగాడు. పడకగది వైపు చూపించాడు. చెంప కింద చెయ్యి పెట్టి కళ్ళు మూశాడు. పెదాలమీద వేలు పెట్టాడు. గాలిలో తాళం తిప్పి, రెండు చేతులూ ఆడిస్తూ పరుగు చూపించాడు. అమ్మాయి నిద్రపోతోంది, సద్దు చేయకండి, తాళం పరుగుకెళ్ళినవాడి దగ్గరుంది అని ఆయన భావం.

మాస్టారు జీవితమంతా దత్తాంశాల నుంచి ఫలితం రాబట్టినవాడు. ఆవిడ పడి ఉంది, కళ్ళు మూసుకుంది, మాట లేదు, తలుపుకు తాళం, పరుగెత్తు. నీళ్ళ మగ్గు అక్కడే వదిలేసి, ఇంటి చెప్పులతోనే పరుగెత్తాడు.

మైదానంలో పరుగు నేర్పేది ఒక పళ్ళ డాక్టరు. నోటినిండా పనిముట్లు పెట్టి పిల్లలెంతమందని అడగడం ఆయనకు వృత్తిలో వచ్చిన అలవాటు. వెనక నుంచి రొప్పుతూ వచ్చిన మాస్టారిని చూసి ఆయన ముఖం విప్పారింది. కొత్తగా చేరుతున్నారా, మోకాళ్ళ నొప్పులున్నాయా, రాత్రి బాగా నిద్రపడుతుందా అని వరసగా అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. మాస్టారు ముందున్న దుకాణదారు వైపు చేతులూపాడు.

"చేతులు అంత ఊపకండి. మాట్లాడకండి. ఆ ఊపిరి కాళ్ళకివ్వండి," అన్నాడు డాక్టరు.

మాస్టారు ఇవ్వబోయాడు గానీ కాళ్ళు పుచ్చుకోలేదు. నేలమీద కూలబడ్డాడు. అయితే ఆ బృందానికి ఒక నియమం ఉంది. ఎవరు వెనకబడినా ముందువాళ్ళంతా వెనక్కి తిరిగి వచ్చి అతన్ని కలుపుకునే వెళ్ళాలి. ఇరవైమందీ వెనక్కి తిరిగారు. అలా దుకాణదారు వచ్చి మాస్టారు ముందు వంగాడు.

"మీ ఆవిడకి... స్పృహ లేదట," అన్నాడు మాస్టారు. "మీ మామగారు లోపల... తాళం..."

దుకాణదారు పూర్తిగా వినలేదు.

ఇన్నేళ్ళలో అతను అలా పరుగెత్తింది లేదు. కాళ్ళెలా వేయాలో, ఊపిరెలా పీల్చాలో నేర్చుకున్నదంతా ఎటో పోయింది. మనసులో ఒక్కటే మాట తిరుగుతోంది. స్వామీ, దానికి నేనొక నిద్ర బాకీ ఉన్నాను. ఆ బాకీ నేనే తీర్చుకుంటాను, నువ్వు తీర్చకు. ఇంటి కోసమా, ఇంటి నుంచా అన్న సందేహం ఆ వేళ అతని పక్కకు కూడా రాలేదు. వచ్చినా అందుకోలేకపోయేది.

నియమం ప్రకారం ఒకణ్ణి ఒంటరిగా వదలకూడదు కాబట్టి బృందమంతా వెనకే పరుగెత్తింది. దారిలో డాక్టరు ఒక పాలవాడి ఫోను తీసుకుని ఆసుపత్రికి కబురు చేశాడు. నర్సమ్మ అనగానే వాళ్ళు ఇంకో ప్రశ్న వేయలేదు. ఇంతమంది పరుగెత్తుతుంటే ఎక్కడో నిప్పంటుకుందనుకుని ఇస్త్రీ బండి అతను నీళ్ళ బకెట్టుతో కలిశాడు.

దుకాణదారు తాళం తీశాడు. ఎదురుగా మామగారు, పెదాలమీద వేలు.

"నెమ్మది బాబూ. అమ్మాయి పడుకుంది."

"స్పృహ లేదని..."

"స్పృహకేం, నాకు టీ లేదు."

అతను వేళ్ళమీద నడుస్తూ పడకగది గుమ్మందాకా వెళ్ళాడు. దుప్పటి మెల్లగా లేచి పడుతోంది. చూస్తుండగానే చిన్న గురక వినిపించింది. అంత కమ్మటి చప్పుడు అతను ఎన్నడూ వినలేదు. గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ లోపే వీధి మలుపులో అంబులెన్సు కూత మొదలైంది. దుకాణదారు బయటికి ఒక్క గెంతు గెంతి చెయ్యూపాడు. విషయం అర్థమైన ఇరవైమందీ పెదాలమీద వేళ్ళు పెట్టుకుని బండికి ఎదురు పరుగెత్తారు. పాపం డ్రైవరు ఎన్నో చూసినవాడు గానీ ఇది చూడలేదు. కూత ఆపేశాడు. సంగతి విని, "వారమంతా రాత్రి డ్యూటీ చేసింది. లేపితే ఊరుకోను," అని తనూ మెట్లమీద కూర్చున్నాడు.

పరుగు కోసం చేరినవాళ్ళంతా ఆ ఉదయం కదలకుండా కూర్చోవడం సాధన చేశారు. దగ్గొచ్చినవాడు వీధి చివరికి వెళ్ళి దగ్గి వచ్చాడు. మామగారికి టీ వచ్చింది. డాక్టరు ఎవరినీ ఏమీ అడగలేదు. ఎండ మూడో మెట్టు మీదికొచ్చాక తలుపు తెరుచుకుంది. ఆవిడ జుట్టు ముడేసుకుంటూ గుమ్మంలో నిలబడి అందరినీ ఒకసారి కలయజూసింది.

"లేచావా?" అన్నాడు అతను, అపరాధిలా. "ఎవరూ లేపలేదు కదా?"

"మీరు తాళం వేసిన చప్పుడుకే మెలకువొచ్చింది."

మెట్లమీది వాళ్ళంతా ఒక్కసారిగా దుకాణదారు వైపు తిరిగారు.

"నాన్న ఫోనుని జోకొట్టడం విన్నా. మాస్టారి చెప్పుల చప్పుడూ విన్నా. రెండో తాళంచెవి పప్పు డబ్బా వెనకాలే ఉంది. చెబుదామంటే లేవాలి. లేస్తే మీ మాట పోతుంది. ఒక్కరోజైనా మీ తిప్పలు మీరే పడండని కళ్ళు మూసుకున్నా."

"మరి ఆ గురక?"

"గుమ్మంలో మీ రొప్పు విని భయమేసింది. మీకు ధైర్యంగా ఉంటుందని పెట్టా." గొంతు తగ్గించింది. "ఆ తర్వాత మాత్రం నిజంగానే పట్టేసింది. ఇంటి ముందు ఇంతమంది కాపలా ఉంటే పట్టదా."

డాక్టరు గడియారం చూసుకుని, ఇతను ఇంత వేగంగా ఎన్నడూ పరుగెత్తలేదనీ, ఇకమీదట ముఖం ఇంటివైపు తిప్పే సాధన చేయిస్తాననీ అన్నాడు. దుకాణదారు అదేమీ వినిపించుకోలేదు. భార్య దగ్గరికెళ్ళి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"అయితే బాకీ తీరినట్టేనా?"

ఆవిడ మెట్లమీది ఇరవైమందినీ, బకెట్టునీ, అంబులెన్సునీ ఇంకోసారి చూసింది.

"తీరింది. ఇంకెప్పుడూ మీకు అప్పివ్వను."