క్రెష్‌కి ఆలస్యంగా వెళ్ళడమనే పుణ్యకార్యం

పిల్లల్ని క్రెష్ నుంచి సరిగ్గా టైముకి తీసుకెళ్ళే తల్లిదండ్రులంత స్వార్థపరులు లోకంలో ఇంకొకరు లేరు!

తొందరపడి నన్ను తిట్టకండి. మా వీధి చివర క్రెష్ నడిపే ఆంటీ ఒకావిడ ఉంది. నాకంటే ఆరేళ్ళు చిన్నదే, కానీ మా వాడు ఆంటీ అంటాడు కాబట్టి నేనూ ఆంటీ అనే అంటాను. ముందు గది, వెనక గది, పదకొండు మంది పిల్లలు, సాయానికి ఒక చెల్లెలు. పొద్దున ఎనిమిదికి తెరిచి సాయంత్రం ఆరుకి మూస్తామని గోడ మీద రాసి ఉంది. ఆరుకి మూసినట్టు చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఎలా మూయనిస్తాం? టైముకి వెళ్ళి పిల్లాణ్ణి లాక్కొచ్చేస్తే ఆవిడకి ఏం తోస్తుంది? పగలంతా పదకొండు ఏడుపులు విన్న చెవులు ఒక్కసారిగా ఖాళీ అయితే మనిషి బెంగ పెట్టుకోదూ? అందుకే ఆరున్నరకి ముందు నేను ఆ గడప తొక్కను. కాకపోతే ఆరుకల్లా ఫోన్ చేసి, "దారిలోనే ఉన్నానండీ, ఐదు నిమిషాల్లో వచ్చేస్తున్నా" అని భరోసా ఇస్తాను. అప్పటికి నేను ఆఫీసు కుర్చీలోంచి లేచి ఉండను, అది వేరే సంగతి.

"పర్లేదండీ" అంటుంది ఆంటీ. చూశారా! స్వయంగా ఆవిడే పర్లేదంటుంటే మధ్యలో మీకేమిటి బాధ?

మా పేరెంట్స్ గ్రూపులో ఒక జిమ్ ట్రైనర్ ఉన్నాడు. సోమవారం కూతుర్ని ఏడుకే దింపుతాడు, మంగళవారం పదకొండుకి. బుధవారం అసలు తీసుకురాడు, దాని బదులు గురువారం ఎనిమిది దాకా ఉంచమంటాడు. ఆంటీ బుర్రకి ఇంత వ్యాయామం ఉచితంగా ఇంకెవరు చేయిస్తారు?

తన కొడుకు జలుబు చేసి నాలుగు రోజులు రాలేదు కాబట్టి ఆ నాలుగు రోజుల ఫీజు తగ్గించమన్నాడు మా పక్కింటాయన. ఆ జలుబు క్రెష్‌లోనే అంటింది కాబట్టి మందుల ఖర్చూ తగ్గించమన్నాడు. ఆ జలుబుని అక్కడికి మోసుకెళ్ళింది మా వాడేనని నేను పెదవి విప్పలేదు. విప్పితే ఆవిడకి బేరాల్లో అనుభవం ఎలా వస్తుందండీ?

ఆ మధ్య ఆంటీ పిల్లల్ని జూకి తీసుకెళ్ళింది. టికెట్టూ, వ్యానూ కలిపి తలా ఇంత అని లెక్క రాసి పంపింది. ఇక చూడండి మా గ్రూపులో చైతన్యం! మా బాబు వ్యాన్‌లో నిద్రపోయాడు, వాడు జూ చూసినట్టు కాదు, అన్నది ఒక తల్లి. మా పాపకి ఏనుగు వెనక భాగమే కనబడింది, సగం టికెట్టే ఇస్తాం, అన్నాడు జిమ్ ట్రైనర్. ఏనుగుని ఇటు తిప్పించాల్సిన బాధ్యత ఎవరిది?

ఇంత అభిమానంగా చూసుకుంటుంటే, ఒక రోజు గుమ్మానికి కాగితం వేలాడింది. "ఆరు దాటితే ప్రతి పావుగంటకీ అదనపు ఫీజు."

మా కొంపలు మునిగాయి! "మిమ్మల్ని ఇంటి మనిషి అనుకున్నాం కదా ఆంటీ" అని ఒకరి తర్వాత ఒకరు గ్రూపులో కన్నీళ్ళు కార్చారు. వేరే క్రెష్ చూసుకుంటామని ఇద్దరు బెదిరించారు. రాయబారానికి నన్ను పంపారు.

"మరేం లేదండీ, ఆరున్నరకి ఆడవాళ్ళ ఈత క్లాసు ఉంది" అంది ఆంటీ, ఎవరిదో చిన్న చెప్పు బల్ల కింద వెతుకుతూ. "చిన్నప్పటి నుంచీ నా కోరిక. చేరి నాలుగు నెలలైంది, నీళ్ళలో దిగింది తొమ్మిది సార్లు. ఈ నెలాఖరుకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఆగకుండా ఈదకపోతే బ్యాచ్‌లోంచి తీసేస్తారట."

"అంత కష్టమా?"

"నీకు నీళ్ళంటే భయమా అని కోచ్ మేడమ్ అడిగింది. నీళ్ళంటే కాదు మేడమ్, నాన్నలంటే, అన్నాను."

నవ్వుతూనే అంది గానీ, ఆ కాసేపట్లో గోడ గడియారం వైపు రెండుసార్లు చూసింది. నాకు నిజంగానే జాలేసింది. పదకొండు మంది పిల్లలకి దిక్కైన మనిషి లోతు నీళ్ళలో దిగుతానంటే చూస్తూ ఊరుకుంటామా? మర్నాటి నుంచి ఆరున్నర మానేసి పావుతక్కువ ఏడుకి వెళ్ళడం మొదలుపెట్టాను. కాగితం సంగతంటారా? రెండు రోజులకి ఆవిడే పీకేసింది.

నెలాఖరు వచ్చింది. యథాప్రకారం పావుతక్కువ ఏడుకి వెళితే క్రెష్‌కి తాళం! ఫోన్ తీశాను. గ్రూపులో సరిగ్గా ఆరుకి ఆంటీ పెట్టిన మెసేజ్ ఉంది. "మూసేశాను. మిగిలిన నలుగురినీ స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్తున్నాం. ఇది ఔటింగ్. టికెట్లు మీవే." మేం రాయడానికే తప్ప చదవడానికి పెట్టుకున్న గ్రూపు కాదది.

పరుగెత్తాను. "మా వాణ్ణి తీసుకెళ్ళడానికే వచ్చా" అంటే, "చూసేవాళ్ళకీ టికెట్టే సార్" అన్నాడు గేటు దగ్గరతను. లోపల, నీళ్ళకి దూరంగా బెంచీ మీద నలుగురు పిల్లలు, వాళ్ళ పక్కన ఆంటీ చెల్లెలు, ఆ పక్కన నాకంటే ముందే వచ్చి చెమటలు తుడుచుకుంటున్న జిమ్ ట్రైనర్.

"నాన్నా, కూర్చో. మాట్లాడకు" అన్నాడు మా వాడు. "ఆంటీ మధ్యలో ఉంది."

నిజమే, మధ్యలో ఉంది. చేతులు బరువెక్కాయి, తల ఒకసారి మునిగింది, మళ్ళీ తేలింది. మా వాడు నా చొక్కా పట్టుకున్నాడు. నేనూ ఊపిరి బిగబట్టాను, ఒప్పుకుంటున్నాను. ఆవిడ చెయ్యి అవతలి గట్టుని తాకగానే పిల్లలు ఎగిరి గంతేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. సంతోషమే వేసింది.

ఆ సంతోషం మీదే అడిగాను. "ఆంటీ, ఇక బయల్దేరదామా?"

ఆవిడ మొహం తుడుచుకుని నా వైపు చూసింది. "దారిలోనే ఉన్నానండీ, ఐదు నిమిషాల్లో వచ్చేస్తున్నా!" అని మళ్ళీ ఈదడం మొదలుపెట్టింది.

ఐదు నిమిషాలు ముప్పై ఐదయ్యాయి. పాఠకులారా, ఇది న్యాయమా? నాకు మాత్రం ఇల్లూ వాకిలీ లేవా? పగలంతా చాకిరీ చేసి వచ్చినవాణ్ణి తడి బెంచీ మీద కూర్చోబెట్టి, తన ఇష్టం వచ్చినప్పుడు వస్తానంటే కుదురుతుందా? నా గంటకి ఎవరిస్తారు డబ్బు?

పైకే అడిగేశాను, కాస్త గట్టిగానే. జిమ్ ట్రైనర్ తల దించుకుని చెప్పులు చూసుకున్నాడు. ఆంటీ చెల్లెలు మాత్రం సంచీలోంచి ఒక కాగితం తీసి, మడతలు విప్పి నా చేతిలో పెట్టింది. ఆ రోజు గుమ్మం మీంచి పీకేసినదే.